మేడిచెర్ల శూన్యపీఠము

ప్రచండమార్తాండకిరణసంతప్తమై పల్నాటినేల పెనమువలెఁ గాఁగుచుండఁగా, శుష్కతటాకగర్భమునఁ జెలమలు త్రవ్వి చిప్పలతో నీరు తోడుకొను కాంతల కంకణధ్వని తప్ప వేఱొండు సవ్వడి లేని యొక వైశాఖమధ్యాహ్నమున మేడిచెర్ల గ్రామపంచాయతీ సభ కూడెను. పడమటివాడకు మంచినీళ్ల బావి త్రవ్వించుట యానాఁటి విచారము. ఆ దినము తీర్మానము కాకున్న మఱుసటి వేసవిదాఁక బావి లేదు.

సభకు నధ్యక్షురాలు భ్రమరాంబ. చెలమలయొద్దఁ దనతోఁగూడ నెండకు మాడిన స్త్రీలే పట్టుపట్టి యామెను నిలిపి గెలిపించిరి. అయినను నామె పీఠ మలంకరింపక దాని వెనుకనే నిలుచుండెను. ఏలయన సభ్యులలో నగ్రగణ్యుఁడై యెదుటఁ గూర్చున్నవాఁడు పూర్వాధ్యక్షుఁడును నామెకు మామగారును నగు కోటివీరయ్య. మామగారి యెదుటఁ గోడలు కూర్చుండుట యా యింట నెన్నఁడు నెఱుఁగని పని.

"పీఠము శూన్యముగ నుండ నిది సభ యెట్లగును? తీర్మాన మెట్లు చెల్లును?" అని బావిని దన తూర్పువాడకుఁ గోరు సభ్యుఁడు పానకాలయ్య యాక్షేపించెను. కోడలిని గూర్చుండుమని కోటివీరయ్య యొక్కమాట యనినఁ జాలును. ఆ మాట యాయన నోట రాలేదు. అడ్డుపడినది ద్వేషము గాదు, అలవాటు. పాపము, అలవాటునకుఁ జెవులుండవు.

అప్పుడు ద్వారముకడ రిక్తకలశహస్తలై నిలిచిన స్త్రీలనడుమనుండి కోటివీరయ్య భార్య పేరిందేవమ్మ, పెండ్లిపీటలు దిగిననాఁటనుండి పతియెదుట నేనాఁడును గూర్చుండి యెఱుఁగని యా వృద్ధ, కడవ దింపి తిన్నగా లోనికి వచ్చి పతి కెదురుగ నున్న బల్లపైఁ గూర్చుండెను. కూర్చుండి కోడలివైపు దిరిగి యిట్లనెను.

"అమ్మాయీ, నేను గూర్చుంటిని. ఇంక నీవును గూర్చుండుము."

భ్రమరాంబ బాష్పపూరితనయనయై యత్తగారికి నమస్కరించి పీఠమునఁ గూర్చుండెను. బావికై తొలుతఁ జేయెత్తినవాఁడు కోటివీరయ్యయే. తల వంచుకొనియే యెత్తెను, కాని యెత్తెను.

ఆషాఢమున బావిలో నీరు పడెను. తొలికడవ నధ్యక్షురాలు స్వయముగఁ దలపై మోసి తెచ్చి, అరుఁగుపైఁ బతిప్రక్కఁ గూర్చున్న యత్తగారికిఁ జెంబుతో నీరందిచ్చి, "అత్తగారూ, నాఁడు మీరు గూర్చుండఁబట్టియే యీ నీరు వచ్చినది. ఈ ఋణము నేను దీర్పలేను" అనెను. ఒకతె ధైర్యముతోఁ గూర్చున్నచోట వేఱొకతెకును జోటు గలుగునని యా వాడ స్త్రీలు కడవ ముంచునపుడెల్ల నా వృద్ధను దలఁచి చేతులు జోడింతురు.

పేరిందేవమ్మ తనివిదీరఁ ద్రాగి, మిగిలిన నీటిని గూర్చుండియే పతి కందిచ్చెను. ఆయన రెండుచేతులఁ బుచ్చుకొని త్రాగెను.