మానేసినవారి ఫోల్డర్

సెలవు పెట్టిన పాపానికి బతికున్న మనిషిని లెక్కలోంచి కొట్టేసే ఆఫీసు ఎక్కడైనా ఉంటుందా? మాది ఉంది. ఎవరైనా నెల దాటి సెలవులో వెళ్తే చాలు, మా మేనేజరు వాళ్ల ఖాతాని సర్వర్లో ‘మానేసినవారు’ అనే ఫోల్డర్లోకి తోయించేస్తాడు. అలా చేస్తే హాజరు శాతం నిగనిగలాడుతుందట. తిరిగొచ్చాక మళ్లీ బయటికి లాగుతారు. ఇదేం చోద్యమని అడిగితే, “మొదట్నుంచీ ఇంతేనమ్మా” అంటారు.

ఆ సర్వర్లు చూసేది నేనే. అందరూ సర్వరక్క అంటారు. ఈమధ్య మెయిళ్లు, ఫైళ్లు, మీటింగులు అన్నీ క్లౌడుకి ఎక్కించాం. మా గదిలోని సర్వర్‌కీ క్లౌడుకీ సింక్ పెట్టిందీ నేనే. ఇక్కడ ఖాతా ఉన్నవాళ్లకే అక్కడా ఖాతా ఉంటుంది. ఇక్కడ ఒక ఫోల్డర్‌కి టిక్కు తీసేస్తే అందులోని జనమంతా అక్కడ మాయమైపోతారు. సింక్‌కి మంచీ చెడూ తెలియదు, చెప్పింది చేస్తుంది.

సింక్ సవ్యంగా నడుస్తోందని నేను ఊపిరి పీల్చుకున్నానో లేదో, మేనేజరు వచ్చాడు.

“ఆ మానేసినవాళ్ల ఫోల్డర్‌కి టిక్కు తీసెయ్యమ్మా. పనిచెయ్యనివాళ్లకి డబ్బు కట్టి క్లౌడు లైసెన్సులు దండగ.”

“అందులో సెలవులో ఉన్నవాళ్లున్నారు సార్. ముందు వాళ్లని బయటికి తీద్దాం.”

“తీస్తే నా హాజరు శాతం మంటగలిసిపోదూ? నెలాఖరు రిపోర్టు వెళ్లాక తీద్దువుగానిలే.”

“అయితే టిక్కూ అప్పుడే తీస్తాను,” అని చెప్పి భోజనానికి వెళ్లాను. నేను నాలుగు ముద్దలు తినొచ్చేలోగా ఆ మహానుభావుడు సర్వర్ గదిలో దూరి తన చేత్తోనే టిక్కు తీసేశాడు. నాతో ఒక్క ముక్క అంటే ఒట్టు.

మర్నాడు పొద్దున్న మా తోడికోడలు ఫోన్ చేసింది. తనూ ఇదే ఆఫీసులో, అకౌంట్స్ సెక్షన్లో పనిచేస్తుంది. ప్రసూతి సెలవులో ఉంది. ఆ రోజు పదకొండింటికి సెక్షన్ హెడ్ పోస్టుకి ఇంటర్వ్యూ. ఇంటి నుంచే, ఆఫీసు ఖాతాతో మీటింగులో చేరాలి. ఆ పోస్టు కోసం కడుపుతో ఉండి కూడా కూర్చుని చదివింది పిచ్చిది.

“అక్కా, పాస్‌వర్డ్ తప్పనడం కాదు, అసలు నేనే లేనంటోంది!”

వెంటనే సర్వర్ తెరిచి చూస్తే ఫోల్డర్‌కి టిక్కు లేదు. సరాసరి మేనేజరు గదికి వెళ్లాను.

“టిక్కు తీసింది మీరేనా?”

“నేనే. ఏం, కొంపలంటుకున్నాయా?”

“అంటుకున్నాయి! సెలవులో ఉన్నవాళ్లందరి ఖాతాలూ క్లౌడులో పోయాయి. మా తోడికోడలికి ఇప్పుడే ఇంటర్వ్యూ!”

ఆయన ముఖం కాస్త వాడింది. గొంతు తగ్గించాడు. “సరే, మీ తోడికోడల్ని ఒక్కదాన్నే బయటికి లాగెయ్. మిగతావాళ్ల జోలికి వెళ్లకు.”

“మా ఇంటి మనిషైతేనే మనిషా సార్? మిగతావాళ్లకి కొంపాగోడూ లేవా?”

ఆయన నోరు తెరిచేలోగా వచ్చేశాను. సెలవులో ఉన్న ప్రతి ఒక్కరినీ వాళ్ల వాళ్ల సెక్షన్లలోకి లాగి, సింక్ మళ్లీ నడిపాను. తొందర మనకి గానీ దానికేం! ఫోన్లో పసిది గుక్కపెట్టి ఏడుస్తోంది. “అక్కా, పదకొండు దాటిపోయింది,” అంది తోడికోడలు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

చివరికి ఖాతా తిరిగొచ్చింది. తను మీటింగులో చేరబోతే, దాన్ని అప్పటికే ముగించేశారు. పరుగున ఇంటర్వ్యూ హాలుకి వెళ్లాను. బోర్డువాళ్లు, అందరూ మా ఆఫీసు పెద్దలే, కాగితాలు సర్దుకుంటున్నారు.

“ఆవిడ మానేసిందటగా?” అన్నాడు వాళ్లలో పెద్దాయన. “కనబడకపోతే మీ మేనేజర్నే అడిగాం. సిస్టమ్‌లో అలాగే ఉందన్నాడు.”

ఒళ్లు భగ్గున మండింది. నా ముందు ముఖం వాడ్చుకుని, ఇటు వీళ్లకి ఈ మాట చెప్పాడన్నమాట! వెళ్లి మేనేజర్ని వెంటబెట్టుకొచ్చాను. రానంటే రెక్క పట్టుకుని తెచ్చేదాన్నే.

“చెప్పండి సార్, ఆమె మానేసిందా?”

“అదీ... సింక్‌లో ఏదో పొరపాటు...”

ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. “సింక్ ఏ పొరపాటూ చెయ్యలేదు. మీరు తీసెయ్యమన్నారు, తీసేసింది. ఆమె మానేసిందా, సెలవులో ఉందా? మీ నోటితో చెప్పండి!”

మేనేజరు తల దించుకున్నాడు. “సెలవులోనే ఉంది సార్. హాజరు శాతం కోసం మేమే అందులో పెట్టాం.”

పెద్దాయన మళ్లీ మీటింగు తెరవమన్నాడు. తెర మీద తోడికోడలు కనిపించింది. భుజాన పసిది, చెదిరిన జుట్టు, ఏడ్చిన కళ్లు.

“చూడమ్మా, జరిగిందేదో జరిగింది. మొదలుపెడదామా?” అన్నాడాయన.

“పెడదాం సార్. ముందు నేనొకటి అడుగుతాను,” అంది తను. “ఇన్నేళ్లు మీ మధ్యే పనిచేశాను. నేను మానేశానంటే నమ్మేశారు. నా ఫోన్ నంబరు మీ అందరి దగ్గరా ఉంది. ఒక్కరైనా, నిజమేనా అని నన్ను అడగాలనిపించలేదా?”