పిస్తోలు మోగితే

కష్షా పట్టణంలో మా అందరికంటే వేగంగా పరిగెత్తేవాడు టిహమేర్ జర్నాయి. గుర్రపు జీనులు కుట్టడం వాళ్ల ఇంటి వృత్తి. 1914 యుద్ధానికి ముందు వేసవుల్లో నేను అతని పక్క వరసలోనే పరిగెత్తి, ఎప్పుడూ అతని వెనకే చేరేవాణ్ణి. "గ్యార్ఫాష్, నా వీపు నీకు కంఠతా వచ్చేసుంటుందిరా," అని ఏడిపించేవాడు.

బొగ్గునుసి పరిచిన పరుగుబాటలో కాలివేళ్లు ఆనడానికి గుంటలు తవ్వుకుని, చేతులు నేలకు మోపి వంగేవాళ్లం. వ్యాయామం మాస్టారు బేని బాబాయ్ పిస్తోలు పేల్చేవాడు. మేము చప్పుడు విని, ఆ తర్వాత లేచేవాళ్లం. టిహమేర్‌కు ఆ 'తర్వాత' ఉండేది కాదు.

యుద్ధం మొదలవగానే ఇద్దరినీ సైన్యంలోకి లాగారు. గలీసియా యుద్ధరంగంలో మొదటిరోజు కందకంలో తలలు వంచుకుని కూర్చున్నాం. ఎవరూ ఏ ఆజ్ఞా ఇవ్వలేదు. అవతల ఎక్కడో ఒక తుపాకీ మోగింది. టిహమేర్ లేచి పరిగెత్తాడు. ఒక్కడే, వట్టి చేతులతో, శత్రువు వైపు. అతన్ని చూసి మిగతావాళ్లు లేచారు, నేనూ లేచాను. సాయంత్రానికి ఎదుటి కందకం మాదైంది. అతని రొమ్ముకు పతకం గుచ్చారు.

"ఎందుకు లేచావురా?" అని అడిగాను.

"నాకేం తెలుసు? మోగింది కదా." పతకాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "నిజం చెప్పు గ్యార్ఫాష్, నేను ధైర్యవంతుణ్ణేనా?"



అతన్ని అలాగే వదిలేస్తే వారంలో చస్తాడు. అందుకని మోగినప్పుడల్లా బెల్టు పట్టుకుని కిందికి లాగేవాణ్ణి. రెండో చలికాలానికల్లా నాకంటే ముందే నేలను కరుచుకోవడం నేర్చాడు.

యుద్ధం ముగిసి తిరిగొచ్చేసరికి, సరిహద్దులు మారి మా ఊరు వేరే దేశంలో ఉంది. వీధుల పేర్లన్నీ మార్చేశారు. సొంత వీధి మొదట్లో నిలబడి, తమ ఇల్లు ఇటేనా అని టిహమేర్ దారిన పోయేవాళ్లను అడిగాడు. ఆ ఏడాది వసంతంలో మళ్లీ పందేలు పెట్టారు. జనం అతన్ని చూడటానికే వచ్చారు. వంగాం. బేని బాబాయ్ పిస్తోలు పేల్చాడు. సగం దూరం పోయాక, నా ముందు అతని వీపు లేదని గ్రహించి వెనక్కి చూశాను. బయలుదేరిన చోటే బోర్లా పడుకుని, రెండు చేతులతో తల కప్పుకుని ఉన్నాడు.

"అలిసిపోయాడు పాపం, దిండు ఇవ్వండి," అని ఎవరో అరిచారు. జనం పగలబడి నవ్వారు.

టిహమేర్ లేచి, బొగ్గునుసి అంటిన మొహంతో నావైపు చూశాడు. "నేను పడుకోలేదురా. ఎవరో పడుకోబెట్టారు."

ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. పిస్తోలు మానేసి బేని బాబాయ్ చేతిరుమాలు ఊపి చూశాడు. అది కిందికి దిగినా టిహమేర్ కదలలేదు, చప్పుడు కోసం ఎదురుచూస్తూ వంగే ఉన్నాడు.

"నీతో పెద్ద చిక్కొచ్చిపడిందిరా నాయనా," అన్నాడు బాబాయ్. "మోగితే పడతావు, మోగకపోతే కదలవు. ఇంకెలా చచ్చేది?"

"నాకూ అదే అర్థం కావడం లేదు బాబాయ్."

ఆ వేసవిలోనే మా ఊరికి రిలే పరుగు కొత్తగా వచ్చింది. నలుగురు వంతులవారీగా కర్ర అందుకుని పరిగెత్తాలి. నాది మూడో వంతు, టిహమేర్‌ది చివరిది. చేతికి కర్ర తగలగానే పరిగెత్తాలి కాబట్టి పిస్తోలుతో పని లేదనుకున్నాం. కానీ అది ఎంత దూరాన మోగినా అతని చెవికి చేరుతుందని మాకు తట్టలేదు.

మోగింది. మైదానం ఆ మూల టిహమేర్ దబ్బున పడ్డాడు. జనం మళ్లీ నవ్వారు. కర్ర అందుకుని పరిగెత్తుతూ నేను చూస్తున్నాను: తల ఎత్తాడు, మోచేతుల మీద లేచాడు, మోకాళ్లు దులుపుకున్నాడు, చెయ్యి వెనక్కి చాచాడు. కర్ర అరచేతిలో పెట్టాను. ఆ వీపు నా ముందు చిన్నదైపోయింది.

ముగింపు గీత దగ్గర కట్టిన ఉన్నిదారాన్ని అతనూ, పొడుగాటి స్లోవాక్ కుర్రాడొకడూ ఒక్కసారే తెంపారు. న్యాయనిర్ణేతలు చాలాసేపు వాదులాడుకుని మేమే గెలిచామన్నారు.

"అతని భుజం నాకంటే ముందుంది," అన్నాడు టిహమేర్. వెళ్లి, ఎవరు ముందని ఆ కుర్రాణ్ణే అడిగాడు. అతను నవ్వుతూ ఏదో అన్నాడు. టిహమేర్‌కు స్లోవాక్ భాష రాదు, ఆ కుర్రాడికి మా భాష రాదు. నువ్వే ముందన్నట్టు ఇద్దరూ ఒకరినొకరు వేలితో చూపించుకుని, భుజాలెగరేసి చేతులు కలిపారు.

మరికొన్ని వేసవులు అలాగే మాతో పరిగెత్తాడు. ప్రతిసారీ పడేవాడు, ప్రతిసారీ లేచేవాడు. నవ్వి నవ్వి జనానికే విసుగుపుట్టింది. పక్క వరసలో కర్ర కోసం ఎదురుచూసే పోటీదారే చెయ్యిచ్చి లేపేవాడు. మోకాళ్లు దోక్కుపోతున్నాయని జీను తోలుతో పట్టీలు కుట్టుకున్నాడు. దుకాణంలో వేలాడుతున్న వాటిని చూసి, అవి ఏ గుర్రానికని ఓ రైతు అడిగాడు.

"నాకే," అని, సూదిలో దారం ఎక్కించుకున్నాడు టిహమేర్.