నొప్పి లేని ఉదయం

ఉక్కకి మంచం వదిలి చాప మీద పడుకున్న జంతుశాస్త్రం లెక్చరర్ పొద్దున్నే లేచి ఒళ్లంతా తడుముకున్నాడు. ఎక్కడా నొప్పి లేదు. గుండె గుభేలుమంది.

"ఏమేవ్! నాకు ఎక్కడా నొప్పి లేదు!"

"సంతోషం. లేచి మొహం కడుక్కోండి," అంది భార్య దుప్పటి మడతపెడుతూ.

"కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి దూరి కాటేస్తుంది. దోమ కుట్టినంత నొప్పి కూడా ఉండదు, ఒక్కోసారి గాటు కూడా కనపడదు. నిన్ననేగా పాఠం చెప్పాను!"

నొప్పి ఉంటే భయపడటానికి ఒక చోటంటూ ఉండేది. ఇప్పుడు ఒళ్లంతా అనుమానమే. అద్దం తెచ్చి చూసుకున్నాడు.

"చూడు, రెప్పలు వాలిపోతున్నాయి. విషమెక్కితే ముందు వాలేవి ఇవే."

"మూడింటిదాకా పేపర్లు దిద్దితే వాలక చస్తాయా? మీ క్లాసులో పిల్లలందరికీ రోజూ రెప్పలు వాలతాయట. మీ దగ్గర చదివే పక్కింటమ్మాయే చెప్పింది. వాళ్లందర్నీ ఏ పాము కరిచింది?"

అతను చివ్వున లేచాడు. "ఆ పిల్ల ఏ బెంచీలో కూర్చుంటుంది?"

చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే చేతులు వణికాయి. అది విషం కాదనీ, ఒళ్లుమంటేననీ అతనికి స్పష్టంగా తెలుసు. చావు సంగతి సాయంత్రం తీరిగ్గా చూసుకోవచ్చు. ముందు మొదటి గంట క్లాసుకి చేరుకోవాలి.