క్రాసింగ్ దాటని ఇంజన్

మా ఆయన విజేందర్ పైగదిలో నడిపే బొమ్మ రైలుకు చిట్యాలలో పేరుంది. అందరూ నవ్వుకోవడానికి పనికొచ్చే పేరు. పెద్ద చెక్కబల్ల మీద రెండు పట్టాల దారులు వేశాడు. అవి ఒకదాన్నొకటి అడ్డంగా దాటే చోటే క్రాసింగ్. ఇంజన్ అక్కడికి రాగానే ఆగిపోతుంది. ఈయన వేలితో నెట్టి, "చూసినవా మల్లికా, దాటింది" అంటాడు. సిగ్గు కూడా ఉండదు.

ఆ గది నాకు కావాలి. జాకెట్లు కుట్టే నా మిషన్ వరండాలో ఉంది. హైవే దుమ్ము దాని లోపలికి పోయి మాటిమాటికీ ఆగుతుంది. మొన్న ఒకామె తన పెళ్లి జాకెట్టు మాసిందని నా ముఖాన కొట్టి పోయింది. ఆ రోజు ఏడ్చాను.

"ఆదివారం వేలు పెట్టకుండ ఇంజన్ను దాటియ్యి. దాటితే గది నీది. లేకుంటే నా మిషన్ పైకెక్కుతది" అన్నాను.

ఒప్పుకున్నాడు. ఇక చూడాలి ఆయన తెలివి. కరెంటు తక్కువన్నాడు, ఫ్యాన్ గాలన్నాడు, నా చీపురు తగిలిందన్నాడు. కొత్త ఇంజన్ తెచ్చాడు, అదీ అక్కడే ఆగింది. వంగి పట్టాలను చూసే ఓపిక మాత్రం లేదు.

ఆదివారం మా తమ్ముడు గిరిని సాక్షిగా కూర్చోబెట్టాను. రైలు వదిలే ముందు ఈయన, దసరాకు బండికి పెట్టినట్టు, క్రాసింగ్ నడుమ నిండుగా పసుపూ కుంకుమా పెట్టాడు. ఎప్పుడూ ఇదే వరస. ఆగిన ప్రతిసారీ ఇంకో బొట్టు. ఇంజన్ వచ్చి ఆ బొట్టు మీదే ఆగింది. నెట్టడానికి ఈయన వేలు లేచింది. గిరి దగ్గాడు. వేలు దిగింది.

"దిష్టి తగిలింది" అన్నాడు నా వైపు చూసి.

సాయంత్రానికి బల్ల గోడకు ఆనింది, నా మిషన్ కిటికీ దగ్గరికి చేరింది. ఈయన కుంకుమ భరిణె పట్టుకుని దానికీ బొట్టు పెట్టబోయాడు, అదీ సరిగ్గా సూది దిగే చోట.

"ఆడ పెట్టకు. పొడి లోపలికి పోతే ఆగిపోతది."

ఆయన మెల్లగా బల్ల వైపు తిరిగాడు. క్రాసింగ్ సందుల్లో ఎర్రగా గడ్డకట్టిన కుంకుమను మొదటిసారి చూశాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలే?"

"దుమ్ముకు మిషన్ ఆగుతాందని రెండేండ్ల సంది చెప్తున్న. ఒక్కనాడన్న విన్నవా?"

ఆయన పాత టూత్‌బ్రష్ వెతుక్కొచ్చి సందులు తోమడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి, బల్ల ఎక్కడ వేసుకోవాలని అడిగాడు.

"వరండ ఖాళీగనే ఉంది కదా" అన్నాను.