కాగితం జారేంత ఒత్తిడి

కాగితం జారలేదు. బ్రష్షు బావ దాని కొసని రెండు వేళ్లతో పట్టుకుని, నిద్రపోతున్న పసిపిల్ల గుప్పిట్లోంచి తన వేలు తప్పించుకుంటున్నంత మెల్లగా మళ్లీ లాగాడు. ఊహూఁ.

"మరీ నొక్కేస్తున్నావే తల్లీ," అన్నాడు స్ప్రింగుతో.

బ్రష్షు అనగానే పళ్లు తోముకునేది గుర్తొస్తే తప్పు మీది కాదు. ఆ మోటార్ల షాపులోకి కొత్తగా అడుగుపెట్టిన ప్రతివాడూ ముందు పళ్లే ఇకిలించేవాడు. ఇది వేలి కణుపంత బొగ్గు ముక్క. తిరిగే మోటారులోని రాగి చక్రానికి ఒళ్లానించి, కరెంటు అందిస్తూ తాను అరిగిపోతుంది. దాన్ని పట్టి ఉంచే చిన్న ఇత్తడి పెట్టె పేరు హోల్డరు. వెనకనుంచి స్ప్రింగు ఎక్కువ నొక్కితే బొగ్గు అరిగిపోతుంది, తక్కువ నొక్కితే నిప్పురవ్వలు చిమ్ముతుంది. బొగ్గుకీ చక్రానికీ మధ్య సన్నటి కాగితం పెట్టి లాగితే, అది భోంచేసిన చుట్టంలా కాసేపు మొహమాటపడి, ఆపైన లేచి రావాలి.

అలాంటి పెట్టెలు గీస్తూ, కోస్తూ, ఆకురాయితో రుద్దుతూ జీవితం గడిపాడు. పక్క బల్ల దగ్గర తీగ చుట్టే బామ్మర్ది "బావా" అని పిలిచేవాడు కనక షాపంతటికీ బావయ్యాడు, ఓనరుతో సహా. "ఇంతమందికి బావనై కూడా నా టీ నేనే తెచ్చుకోవాలా?" అనేవాడు. తెచ్చుకునేవాడు కూడా.

ఇవాళ బల్ల మీదున్నది ఇంటి మోటారు, భార్య కుట్టుమిషనుది. ఊళ్లోవాళ్ల పరదాలూ దిండు గలీబులూ కుట్టికుట్టి ఆవిడ వేళ్ల కణుపులు బిగుసుకుపోయాయి. గుడ్డ తోయడానికి పనికొస్తాయి గానీ, మోటారు పక్కన బ్రష్షుని మూసి ఉంచే బుల్లి మరమూత తిప్పడానికి రావు. బ్రష్షు అరిగినప్పుడల్లా "ఏవండీ" అంటుంది. ఇతను వెళ్లి మారుస్తాడు. ఏళ్ల తరబడి అంతే.

అతని గుండె ఇక ఏ ఆపరేషనుకీ తట్టుకోదని డాక్టరు చెప్పేశాడు. ఆ మాట బామ్మర్దికి తెలుసు. ఇంట్లో అతను చెప్పలేదు. ఈ పని మొదలెట్టిన రోజే బామ్మర్ది అడిగాడు.

"అక్కకి ఎప్పుడు చెప్తావ్ బావా?"

"ఇది అయ్యాక."

"అరిగితే నేనొచ్చి మారుస్తాగా!"

"నువ్వా? రేపొస్తానంటే నెల్లాళ్లకి తేలే మనిషివి. అప్పటిదాకా మీ అక్క చేత్తో కుట్టాలా? ఎవర్నీ పిలవక్కర్లేకుండా ఉండాలిరా. అదీ దీని పని."

అందుకే మరమూత తీసేసి, వెనక ఒక ఇత్తడి చెయ్యి అమర్చాడు. చుట్ట స్ప్రింగు పట్టున ఆ చెయ్యి బ్రష్షు వీపు మీద వాలి ఉంటుంది. కొత్త బ్రష్షయినా అరిగినదైనా ఒకటే ఒత్తిడి. ఆ చెయ్యి కొసకి, కరెంటు తగలకుండా, భార్య గుండీల డబ్బాలోంచి కొట్టుకొచ్చిన పెద్ద కోటు గుండీ బిగించాడు. వంగని బొటనవేలితోనైనా లేపొచ్చు.

ఎంత ఒత్తిడన్నది మాత్రం బల్ల దగ్గర దొరకలేదు, తెల్లవారుజామున మంచం మీద దొరికింది. నిద్రలో ఆవిడ చెయ్యి అతని ఛాతీ మీదకొచ్చి వాలుతుంది. పెళ్లయిన కొత్తలో ఎంత బరువో, వేళ్లు కొయ్యబారిన ఈనాటికీ అంతే. ఆవిడ నిద్ర చెడకుండా దాని కిందనుంచి జారుకోవడం అతనికి రోజూ మొదటి పని. అంత ఒత్తిడి చాలు.

స్ప్రింగుని ఒక మెట్టు వదులు చేశాడు. ఈసారి కాగితం బెట్టుచేసి, జారి వచ్చింది.

ఎండ కిటికీలోంచి దిగి, రాగి పొడి మీద పడి బద్ధకంగా మెరుస్తోంది. మోటారు తిప్పాడు. జుమ్మని తేనెటీగల పాట. కళ్లు మూసుకున్నాడు. ఆ పాటలో ఎన్ని పరదాలు గాలికి ఉబ్బాయో! అంతలో పాట చిటచిటలాడింది. నీలం రవ్వలు. బ్రష్షు వేడెక్కి పెట్టెలో ఇరుక్కుపోయింది. వెనక చెయ్యి పాపం నొక్కుతూనే ఉంది, బొగ్గు కిందికి దిగడం లేదు.

బామ్మర్ది తొంగిచూశాడు. "గాలి కూడా దూరకుండా బిగించావేంటి బావా? వెంట్రుకవాసి వదులుంచమని మా నెత్తిన మొట్టేది నువ్వేగా!"

"మీ అక్కదనేసరికి అందంగా కుదరాలనిపించిందిరా," అన్నాడు సిగ్గుపడుతూ. "పట్టు సరే, విడుపు మర్చిపోయా."

ఆకురాయి అందుకుని పెట్టె లోపలి గోడలు రుద్దాడు. ఇత్తడి పొడి అతని మోకాళ్ల మీద మెత్తగా రాలింది. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి కూడదీసుకున్నాడు. తర్వాత మోటారు ఎంతసేపు తిరిగినా పాట చెదరలేదు.

సాయంత్రం బామ్మర్దే మోటారు మోసుకొచ్చి మిషనుకి బిగించి వెళ్లాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.

"వారం రోజులుగా పట్టు, పట్టు అని కలవరిస్తుంటే, నాకేదో పట్టుగుడ్డ తెస్తున్నారనుకున్నా. ఇదా? పైగా నా కోటు గుండీ!"

"ముందు..."

"ప్లగ్గు. తెలుసు లెండి, పీకేశా."

బొటనవేలు గుండీ కింద పెట్టింది. ఇత్తడి చెయ్యి లేచింది. బొగ్గు ముక్క తీసింది, కొత్తది పెట్టింది, చెయ్యి వాల్చింది. అతను కిటికీ పక్క కుర్చీలోంచి కాగితం ముక్క అందించాడు. ఆవిడ దాన్ని దూర్చి లాగింది. జారింది. తిరిగి అతని వేళ్ల మధ్య పెట్టింది.

ప్లగ్గు పెట్టి, గుడ్డ సర్దుకుంటూ, వెనక్కి తిరగకుండానే అంది. "నా తమ్ముడి కడుపులో మాట దాగుతుందా? మొన్నే చెప్పేశాడు."

అతను కాగితాన్ని వేళ్ల మధ్య ఓసారి తిప్పాడు. "మరి నువ్వేం అనలేదే?"

"మీరు ఇది అయ్యాక చెప్తానన్నారటగా. కానిద్దామని." కాలు కింద మీట నొక్కింది. "ఇప్పుడు బెంగ తీరిందా?"

"ఊఁ."

మిషను పాట అందుకుంది. పరదా నీళ్లలా ఆవిడ ఒడిలోంచి నేల మీదికి, అక్కణ్నుంచి అతని పాదాల దాకా పారింది. ఒక అంచు పూర్తయింది. "బాగుందా?" అంది. రెండో అంచు దగ్గర మళ్లీ అడగబోయి, మొదటిదానికే ఊఁ అనలేదని గుర్తొచ్చి, మీట మీంచి కాలు తీసింది.

లేచి వెళ్లి, అతని ఛాతీ మీద చెయ్యి వేసింది. చాలాసేపు అలాగే ఉంచినా ఆ ఛాతీ పైకి లేవలేదు. ఆ చేతి కిందనుంచి ఎవరూ జారుకోలేదు.

అతని రెండు వేళ్ల మధ్య, బొగ్గు మరక అంటిన సన్నటి కాగితం ముక్క కిటికీ గాలికి మెల్లగా అల్లాడి, ఎవరూ లాగకుండానే జారింది.