తొంభై బిళ్ళల గుట్టు

కోటేశ్వరరావు తెలివైనవాడని సూర్యలంకలో అందరూ ఒప్పుకునేవారు. మరదలు గంగరత్నం కూడా ఒప్పుకునేది. కాకపోతే ఆ తెలివి ఎప్పుడు ఎవరి కొంప ముంచుతుందా అని ఓ కన్నేసి ఉంచేది. పదిహేనేళ్ళు నేవీలో వైర్‌లెస్ దగ్గర పనిచేసి, రిటైరై, తెనాలిలో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టాడాయన. కొట్టుకి బేరాలు తక్కువ, ఆయనకి తీరిక ఎక్కువ. ఆ తీరికంతా మోసుకొచ్చి తోడల్లుడు బ్రహ్మయ్య నెత్తిన దించాడు.

బ్రహ్మయ్య అంటే గంగరత్నం మొగుడు. సొంత మరపడవ ఉన్నవాడు. తొంభై రెండు వేసవిలో, వేట లేక పడవలన్నీ ఒడ్డెక్కిన రోజుల్లో, ఆయన దిగులల్లా ఒక్కటే. తను చేప ఉన్న చోటు కనిపెట్టడమే ఆలస్యం, రేపల్లె వైపు నుంచి సింగయ్య పడవలు వచ్చి పక్కనే వల దింపుతున్నాయి. కోటేశ్వరరావు రెండు వైర్‌లెస్ సెట్లు బిగించి, ఒకటి పడవలోనూ ఒకటి వీళ్ళ వసారాలోనూ పెట్టాడు. చేప పడగానే కబురొస్తే ఒడ్డున ఐసు సిద్ధంగా ఉంటుందని.

"సింగయ్య పడవలోనూ సెట్టుంది గదన్నా, వినేస్తాడుగా?" అన్నాడు బ్రహ్మయ్య.

"విననీరా. విని ఏం చేసుకుంటాడు? నే చెప్పే పద్ధతి దేవుడు దిగొచ్చినా విప్పలేడు."

ఆ పద్ధతి ఇదీ. తొంభై మాటలు రాసి వాటికి వరసగా అంకెలు వేశారు. తూర్పు, వల, ఐసు, వంజరం చేప, అలా. డెబ్భై దాకా వచ్చేసరికి సముద్రం మాటలు అయిపోయాయి. తొంభై నిండాలి కాబట్టి పెళ్ళి, బెల్లం, మేనమామ కూడా చేర్చారు. తరవాత రెండు పుస్తకాలు, రెండింట్లోనూ అవే అంకెలు, ఒకటి పడవలో, ఒకటి ఇంట్లో. బ్రహ్మయ్య వల దింపే చోటు పీతల దిబ్బ, ఆ మాట అంకె పన్నెండు అనుకోండి. పుస్తకంలో ఆ రోజు కాగితం మీద దాని వంతుకి ముప్ఫై ఉంటే రెండూ కలిపి నలభై రెండు అని సెట్టులో చెప్పాలి. తొంభై దాటితే తొంభై తీసెయ్యాలి. ఇంట్లోవాళ్ళు తమ పుస్తకంలోని ముప్ఫై తీసేస్తే పన్నెండు మిగులుతుంది. రోజుకో కాగితం. వాడగానే చింపి కాల్చెయ్యాలి, రెండోసారి ముట్టుకోకూడదు.

అంకెలు ఎక్కణ్ణించి రావాలి? తెనాలిలో కొన్న తంబోలా ఆట బిళ్ళల్లోంచి, ఒకటి నుంచి తొంభై దాకా ఉంటాయి. తియ్యాల్సింది ఎవరు? ఇంకెవరు, గంగరత్నమే. ఊళ్ళో ఆడవాళ్ళంతా వలలు బాగుచేసుకుంటుంటే ఆవిడ ఊరగాయ జాడీలో చెయ్యి పెట్టి ఒక బిళ్ళ తియ్యడం, రెండు పుస్తకాల్లో రాయడం, బిళ్ళ మళ్ళీ జాడీలో వేసి కుదపడం. నలభై రోజులు ఇదే పని.

"మనసుకి తోచిన అంకెలు రాసేస్తే పోదా బావా?" అని ఒకరోజు విసుక్కుంది.

"అమ్మమ్మ! మనిషి రాసేదాంట్లో ఏదో వరస ఉంటది రత్నం. శత్రువు దాన్ని పట్టేస్తాడు."

"శత్రువంటే సింగయ్యేనా? వాడికి సంతకమే రాదు!"

ఆయన నవ్వాడు. చదువుకున్నవాడు చదువులేనివాళ్ళని చూసి నవ్వే నవ్వు అది. ఆ నవ్వు చూస్తే గంగరత్నానికి ఒళ్ళు మండేది.

వేట మొదలైంది. మూడు వారాలు కోటేశ్వరరావు తెనాలి కొట్టుకి తాళం వేసి వసారాలోనే కాపురం పెట్టాడు. ఒక్క మాట ఆయన కూడికలూ తీసివేతలూ దాటి బయటికొచ్చేసరికి అన్నం ఉడికిపోయేది. రెండుసార్లు బ్రహ్మయ్య కూడిక తప్పాడు. అయినా కోటేశ్వరరావు మీసం దువ్వుతూనే ఉన్నాడు.

నాలుగో వారంలో ఒక పొద్దున, ఎనిమిదింటికి, సెట్టు గరగరలాడింది. "అరవై మూడు. పదకొండు. ఎనభై. నాలుగు." బ్రహ్మయ్య గొంతు. కోటేశ్వరరావు కళ్ళజోడు సవరించుకుని లెక్క కట్టాడు. ముఖం వెలిగిపోయింది.

"వంజరం. పెళ్ళి. ఐసు. తొందరగా. చూశావా రత్నం, జాక్‌పాటే!"

"నడిసముద్రంలో పెళ్ళేంటి బావా?"

"సందడిగా పడిందని వాడి ఉద్దేశం. అర్థం చేసుకోవాలి."

ఎరుకల సోదమ్మ కూడా ఇంత ధైర్యంగా అర్థం చెప్పదు. సెట్టు ముట్టుకోవద్దని మరదలికి గట్టిగా చెప్పి, బండి కట్టించుకుని ఆయన ఐసు కోసం బాపట్ల వెళ్ళిపోయాడు.

ఆయన అటు వెళ్ళగానే సెట్టు మళ్ళీ మొదలుపెట్టింది. అవే అంకెలు. మళ్ళీ. మళ్ళీ. మూడోసారికి గంగరత్నం చేతిలో చేట కింద పెట్టింది. ఆవిడకి కూడికలు రావు గానీ మొగుడి గొంతు తెలుసు. పద్దెనిమిదేళ్ళ కాపురం. "నాలుగు" అనేటప్పుడు ఆ గొంతు వణికింది. నాలుగుకి వణకడానికి ఏముంది? వెళ్ళి సెట్టు మీట నొక్కింది.

"ఏమయ్యా, నేను. ఏమైంది? తెలుగులో చెప్పు!"

"అంకెల్లో మాట్లాడవే! సింగయ్య వింటాడు. అన్నేడీ?"

"ఐసుకి బాపట్ల పోయాడు. నీకు వంజరం పడిందంట గదా!"

"ఐసేంటే?" అన్నాడు బ్రహ్మయ్య, ఏడుపు గొంతుతో. "పడవ మునిగిపోతందని గంట నుంచీ మొత్తుకుంటన్నా! అడుగు పలక వదిలేసింది. ఐదుగురం తోడతన్నాం, ఆగట్లా!"

"ఎక్కడున్నావో చెప్పు."

"అదెట్టా చెప్తానే, అందరూ..."

"వినాలనేగా చెప్పమంటంది! నీ చోటు తగలెయ్య, నువ్వు మునిగాక ఆ చేపలు నిన్నే తింటాయి! చెప్తావా, చెప్పవా?"

"పీతల దిబ్బకి తూర్పున," అన్నాడు బ్రహ్మయ్య.

వెంటనే ఇంకో గొంతు అడ్డొచ్చింది. "బ్రహ్మయ్య మామా, నేను సింగయ్యని. అరగంటలో వస్తా. తోడతా ఉండండి."

అరగంటలో వచ్చాడు. పడవ పోయింది, వలలు పోయాయి, ఐదుగురూ బతికారు. మధ్యాహ్నం సింగయ్య వాళ్ళని ఒడ్డున దించేసరికి గంగరత్నం నడుముల్లోతు నీళ్ళలోకి పరిగెత్తి, మొగుడి చెంపలు రెండూ వాయించి, ఆపైన వాటేసుకుని ఏడ్చింది.

"పొద్దుట్నుంచీ నీ అంకెలు వింటానే ఉన్నాం మామా," అన్నాడు సింగయ్య. "రేపల్లెలో మావోళ్ళు రోజూ వాటి మీద పందేలు కాస్తన్నారు. లాటరీ అనుకున్నాం. ముందే చెప్తే పడవ కూడా దక్కేది గదా. అయినా పీతల దిబ్బ గుట్టేంటి మామా? పైన పిట్టలు ముసురుకుంటే గుడ్డోడికైనా తెలుస్తది."

అప్పటికి బండి వచ్చింది. కోటేశ్వరరావు దిగి సంగతంతా విన్నాడు. బ్రహ్మయ్య నడుముకి కట్టుకున్న ప్లాస్టిక్ సంచిలోంచి పుస్తకం తీసిచ్చాడు. మునిగే పడవలోంచి ఆ మహానుభావుడు కాపాడిన వస్తువు అదొక్కటే.

"నిన్న ఉప్పునీళ్ళకి రెండు కాగితాలు అంటుకుపోయి కలిసి చిరిగినయ్యన్నా. ఏముందిలే అని తరవాతది వాడా," అన్నాడు బ్రహ్మయ్య, తల దించుకుని.

కోటేశ్వరరావు ముఖంలోకి మళ్ళీ కళ వచ్చింది. "అదీ సంగతి! నువ్వో కాగితం ముందున్నావు, నేనో కాగితం వెనకున్నాను. అందుకే ఏ మాట పడితే ఆ మాట వచ్చింది. తప్పు కాగితానిది, పద్ధతిది కాదు. ఒక్కటి గమనించండి, శత్రువు ఒక్క ముక్క విప్పలేకపోయాడు!"

"నిజమే బావా," అంది గంగరత్నం. "మనమూ విప్పలేకపోయాం."

ఆవిడ బండి దగ్గరికి వెళ్ళి ఐసు మీద కప్పిన రంపప్పొట్టు తోసి చూసింది. పెద్ద దిమ్మలు ఐదు, ఇంకా సగం కూడా కరగలేదు.

"ఐసు మాత్రం సరిగ్గానే తెచ్చావు," అంది. "మనిషికొకటి. సింగయ్య రాకపోతే, చుట్టాలొచ్చేదాకా వీళ్ళని దీని మీదే పడుకోబెట్టేవాళ్ళం."