కూర్మారావుగారి ముగియని పని

కార్తికమాస మధ్యాహ్నమయ్యును సూర్యబింబము కానరాక సీసపురేకును బోలిన మేఘమాలిక విశాఖతీరమును కప్పియుండెను. వాయుగుండము తుపానై బలిసి తీరాభిముఖముగా కదలుచుండ ఉత్తుంగతరంగములు రాతికట్టపై విరిగి నురుగును వీథులదాక చిమ్ముచుండెను. ఆ తీరమున నొక సముద్రపరిశోధనాలయమందు శీతలమైన విశాలమందిరమున వందలాది కంప్యూటర్లు ఒక్క క్లస్టరై ఏకకంఠముగా హోరెత్తుచుండ వాని పాలనాభారము వహించిన హైమవతి తెరవంక చూచి నిశ్చేష్టయై నిలిచెను.

ఉప్పెన ఏ రేవును ముంచునో గణింపవలసిన తుపాను బృందపు పని వరుసలో కట్టకడపట నుండెను. ఆ క్లస్టరునందు ఏ బృందము యంత్రకాలమును మిక్కిలి వాడుకొనునో దాని వంతు వెనుకకు పోవును. ఆ వాడుకను కంటికి కానరాక అహోరాత్రములు లిఖించుచుండు ప్రోగ్రామునకే డీమన్ అని పేరు. దాని దృష్టిలో ఆ బృందపు పెద్దయైన కూర్మారావు ఆరంభించిన యొక పని నిరుటినుండి నేటికిని నడచుచు బృందపు వాడుకను పెంచుచునే యున్నది. యంత్రములలో అట్టి పని లేదు. కూర్మారావును లేడు. నిరుడు పరిశోధననౌకతో సహా ఆయన సముద్రగర్భమున కలిసిపోయిన దినముననే డీమన్ కొంతసేపు ఆగియుండుటచే ఆ పని ముగిసిన వార్త దానికి చేరదయ్యెను. దిద్దవలసినది హైమవతి. కాని తనకు విద్య నేర్పి, శవమైనను దొరకక పోయిన ఆ గురువు పేరెదుట 'నడచుచున్నది' అను మాట వెలుగుచుండ తుడిచివేయ చేయిరాక ఆమె దానిని అట్లే విడిచెను.

పడవలకు హెచ్చరికలు పంపు పైడిరాజు రొప్పుచు వచ్చెను.

“ఏటమ్మా ఇది! మా తమ్ముడితో పాటు బోట్లన్నీ నడిసముద్రంలో ఉన్నాయి. ఉత్తరపు రేవుకి రమ్మనాలా, దక్షిణానికా? ఏటి సెప్పమంటారు?”

“తప్పు నాదే పైడిరాజుగారూ. కాస్త ఆగండి.”

“నాకు సెప్తే నేనాగుతాను. గాలికెవులు సెప్తారు?”

ఆమె పెదవి కరచుకొని ముగింపుగా నేటి తేదీని వ్రాసి గురువు పనిని ముగించెను. అక్షరములు ఆరెను. వెంటనే మరల వెలిగెను: నడచుచున్నది. ఆమె మరల ముగించెను. అది మరల లేచెను. యంత్రముల నన్నిటిని వెదకి చూచినను వానిలో ఆ పని జాడయే లేదు. కిటికీయే లేని యా మందిరమున ఎక్కడనుండియో తడిసిన వలల వాసన ప్రసరించెను.

పైడిరాజు తెరపై ఆ పేరు చూచి గొంతు తగ్గించి, “నేటిదాకా బతికున్నాడని రాత్తే ఆయనొప్పుకుంటాడా తల్లీ? పోయిన రోజే రాయి” అనెను.

ఏడాదిగా నోట పలుకలేకపోయిన యా తేదీని, నౌక మునిగిన యా వేళను హైమవతి కన్నీటి తెరలోనుండియే వ్రాసెను. అక్షరములు ఆరెను. మరల వెలుగలేదు. డీమన్ నాటినుండి సమస్తమును తిరిగి గణించి, మృతుని పేర పెరిగిన భారమును బృందము నెత్తినుండి దింపెను. తుపాను పని ఒక్క పెట్టున ముందుకు దుమికి యంత్రముల నన్నిటిని ఆక్రమించెను.

మునుగునది దక్షిణపు రేవని తేలినంతనే పైడిరాజు చేతి వైర్‌లెస్ పెట్టెలో కేకవేసెను: “ఒరే, ఉత్తరానికి తిరగండ్రా!”

కెరటముల హోరులోనుండి తమ్ముని గొంతు వినవచ్చెను. “ఎప్పుడో తిరిగినాం. ఇందాకే మీ పెద్దాయన సెప్పీసినారు గదా!”

“ఏ పెద్దాయనరా?”

“నాకేటి తెల్సు? మీ పెట్టెలోంచే మాటాడినారు. ఇకమీదట సెప్పేది హైమమ్మేనట. ఆ మాట కూడా సెప్పమన్నారు.”

గతించినవారికి మనము మమకారముచే పొడిగించు ఆయువు జీవించియున్నవారి ఆయువునుండియే తరుగును కాబోలు. హైమవతి కన్నులు తుడుచుకొని, పైడిరాజు చేతిలోని పెట్టె నందుకొని, తుపాను చీకటిలోని పడవలను ఒక్కొక్కదానినే పేరుపెట్టి పిలువసాగెను.